చిఖల్దరా వెళ్ళేవాళ్ళకు బాపు చెప్పే మాట

సిరొంచలో ఎవరైనా చిఖల్దరా వెళ్ళాలనుకుంటే ముందు మా ఇంటికి వచ్చి అడిగి వెళ్ళడం ఒకప్పుడు రివాజు. ఏ నెలలో వెళ్ళాలి, ఎక్కడ బస్సు మారాలి, ఏ పాయింటు పొద్దున చూడాలి, ఏది సాయంత్రం చూడాలి, ఏం తినాలి, ఏం కప్పుకోవాలి, అన్నీ మా నాన్న, మేము బాపు అనేవాళ్ళం, అరుగు మీద కూర్చుని చెప్పేవాడు. బాపు పోయాక ఆ పదవి ఎవరూ ఇవ్వకుండానే నాకు వచ్చి పడింది. మొన్న వానలు మొదలైన వారంలో నా మనవరాలు శ్రావణి నాగపూర్ నుంచి ఫోన్ చేసి, స్నేహితులతో చిఖల్దరా వెళ్తున్నానని, ఏమేం చూడాలో చెప్పమని అడిగింది. నువ్వు పోయి వచ్చినదానివే కదా, నీకంటే ఎవరికి తెలుసు అంది. పోయిన మాట నిజమే. మూడు రోజులు ఉన్నాం కూడా. చూశావా అంటే మాత్రం, లేదు. ఈ సంగతి మా ఇంట్లో పిల్లలకు సగమే తెలుసు. మొత్తం తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. అందుకని రాసి పెడదామని కూర్చున్నాను. అక్షరాలు ఇంతింత పెద్దవిగా రాస్తున్నాను, దానికి కారణం తర్వాత చెబుతాను.

సిరొంచ ఎండ సంగతి తెలియనివాళ్ళకు బాపు కోరిక అర్థం కాదు. మరాఠీ రాష్ట్రం అంచున ఉన్న మా ఊరికి ఒక పక్క ప్రాణహిత, ఒక పక్క గోదావరి ఉన్నా, ఎండలు ముదిరాయంటే ఆ నీళ్ళు చూసి సంతోషపడడమే తప్ప ఒంటికి చల్లదనం లేదు. పొద్దు పొడవగానే అవ్వ, అంటే మా అమ్మ, ఇల్లంతా నీళ్ళు చల్లి, తలుపులకు తడిపిన గోనెసంచులు వేలాడదీసేది. అవి చూస్తుండగానే ఎండి అట్టలు కట్టేవి. మళ్ళీ తడపడం నా పని. తడి గోనె వాసన పీలిస్తే ఇప్పటికీ నాకు అవ్వ పిలిచినట్టే ఉంటుంది. మధ్యాహ్నం అన్నం పొయ్యి మీద పెట్టే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. పొద్దున్నే కాచిన గంజిలో మజ్జిగ కలుపుకుని, ఉల్లిగడ్డ కొరుక్కుంటూ తాగేవాళ్ళం. బయటికి కదిలే ప్రతి మనిషి జేబులోనో కొంగులోనో ఒక ఉల్లిగడ్డ ఉండాల్సిందే, వడదెబ్బకు అదే మందని మా నమ్మకం. అవ్వ కొంగున కట్టిన ఉల్లిగడ్డ పెళ్ళిళ్ళకు కూడా ఆమెతోపాటే వచ్చేది. నాయనమ్మ అయితే మంచం కోడుకు ఒకటి వేలాడగట్టి, అది వాడిపోతే ఎండంతా అందులోకి దిగిపోయిందని సంబరపడేది.

ఊరంతా నీడ వెతుక్కునే ఆ నెలల్లోనే మా బాపుకు పని. ఆయన తునికాకు కల్లేదారు. బీడీలు చుట్టే ఆకు ఎండాకాలంలోనే చేతికి వస్తుంది. అడవి ఊళ్ళవాళ్ళు తెల్లవారకముందే వెళ్ళి ఆకు కోసి, కట్టలు కట్టి, కల్లానికి తెస్తారు. బాపు వాటిని తీసుకుని, ఎండలో వరసగా పరిపించి, ఆరాక తిరగేయించి, నీళ్ళు చిలకరించి సంచుల్లోకి ఎత్తించాలి. ఒక ఏడు ఏటపల్లి వైపు అడవిలో, ఒక ఏడు ఊరికి దగ్గరలో, కల్లం ఎక్కడ పడితే అక్కడ ఆయన కాపురం. ఇంటికి వచ్చిన రోజున ఆయన చొక్కా విప్పి దండెం మీద వేస్తే ఇల్లంతా ఎండుటాకు వాసన నిండేది, కొంచెం చేదుగా, కొంచెం పాత బియ్యం మూటలాగా. అవ్వ ఆ చొక్కాను వెంటనే ఉతికేది కాదు. ఎందుకని అడిగితే చేతిలో పని ఉందనేది.

ఆకు కొనే సేటు ఎప్పుడూ మా వైపు వచ్చేవాడు కాదు. ఆయన తరఫున లెక్కలు చూసే మునీంజీ ఒకడు ఏటేటా వచ్చేవాడు, పరత్వాడా వైపు మనిషి. పొద్దు గుంకే వేళ మా వాకిట్లో నులకమంచం మీద తల మీద తడిగుడ్డ వేసుకుని కూర్చుని, మా ఊరి ఎండను నోరారా తిట్టేవాడు. తిట్టడం అయ్యాక తమ కొండ ఊరైన చిఖల్దరా గురించి మొదలుపెట్టేవాడు. ఇదే నెలలో అక్కడ దుప్పటి లేనిదే నిద్ర పట్టదట. పంచబోల్ అనే చోట నిలబడి పిలిస్తే లోయ ఐదుసార్లు బదులు పలుకుతుందట. అది ఎండ ఎక్కకముందే చూడాలి, దేవీ పాయింటు సాయంత్రం చూడాలి, భీముడు కీచకుణ్ణి పడేసి చేతులు కడుక్కున్న కుండం దగ్గర నేల జారుతుంది, చెప్పులు విప్పి నడవాలి. అక్కడ పండిన కాఫీ తాగాలి, రబ్డీ తినాలి. నాయనమ్మ ఇవన్నీ విని, అబద్ధాలకు కూడా హద్దుండాలని లోపల గొణిగేది. బాపు మాత్రం నోరు తెరుచుకుని వినేవాడు. కాళ్ళ కింద భూమి తెగిపోయి అంత లోతు కనబడుతుందంటే మా రేవు ఇసుకలో పెరిగిన మనిషికి నమ్మకం కుదరక, అడిగిందే మళ్ళీ అడిగేవాడు. చిత్రమేమిటంటే ఆ మునీంజీ కూడా కొలువులో చేరినప్పటి నుంచి ఒక్క ఎండాకాలం తన ఊళ్ళో లేడు. మా వాకిట్లో చెమటలు కక్కుతూ తన చల్లని ఊరును తలుచుకునేవాడు. చూసొచ్చినట్టు మాకు చెప్పేవన్నీ చిన్నప్పటివే.

బాపు కళ్ళ సంగతి మాకంటే ముందు కల్లానికి వచ్చేవాళ్ళకు తెలిసినట్టుంది. వాళ్ళు కట్ట ఇస్తూ తమ పేరు చెప్పడం మొదలుపెట్టారు. ఇంట్లో మేము ఆలస్యంగా గమనించాం. పక్కన పెట్టిన చెంబును తన్నుకునేవాడు, వాకిట్లో మేకను తప్పించుకోలేకపోయేవాడు, దూరంగా వచ్చే మనిషిని గొంతు వినేదాకా పోల్చుకునేవాడు కాదు. అవ్వ అన్నిటికీ ఏం కాలేదు, ఎండకు అట్లుంటది అని తీసేసేది. చివరికి చాందా పట్నంలో పెద్ద దవాఖానకు వెళ్ళారు. కంటి వెనక నరం ఎండిపోతోందని, పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నది కూడా మెల్లగా పోతుందని అక్కడి డాక్టరు చెప్పాడట. చూడాలనుకున్నవి ఏమన్నా ఉంటే ఇప్పుడే చూసుకొమ్మన్నాడట. ఆ మాట ఆయన దయతోనే అని ఉంటాడు. బాపు బస్సులో వస్తూ, అల్లపల్లిలో టేకు చెట్ల మధ్య బస్సు ఆగినప్పుడు దిగి ఒక చెట్టు మీద చెయ్యి వేసి చాలాసేపు పైకి చూశాడని అవ్వ చెప్పింది. ఇంటికి వచ్చాక అందరూ ఏం చూడాలని ఉందని అడిగారు. కాశీ అంటాడనుకున్నారు. బాపు చిఖల్దరా అన్నాడు.

నాయనమ్మకు కోపం వచ్చింది, దేవుడు లేని కొండ మీద ఏం పని అంది. దేవి ఉన్నదని బాపు మునీంజీ మాట అప్పగించాడు. ఇక ఎప్పుడు వెళ్ళాలన్నదే తేలలేదు. ఎండాకాలమే చూడాలని మునీంజీ నొక్కి చెప్పాడు, కానీ ఎండాకాలం అంటే మాకు ఆకు. కల్లం వదిలి కల్లేదారు కొండలు చూడ్డానికి వెళ్ళడమన్నది మా వైపు ఎవరి ఊహకూ రాదు. చలికాలం దాకా ఆగుదామంటే అప్పటికి చూపు ఎంత ఉంటుందో తెలియదు. ఆకు సంచులు లారీలెక్కి, మొదటి వాన పడి, నారు పోసే పని పెదబాపు మీద పడేసి బయలుదేరడం ఒక్కటే దారి. ఆకాశం మొగులు పట్టినప్పుడు కొండ మీద ఏం కనబడుతుందన్న ఆలోచన మాలో ఒక్కరికీ రాలేదు. మాకు కొండ అంటే తెలియదు, వాన అంటే నది పొంగడమే తెలుసు. వాన పడితే గాలి శుభ్రమై ఇంకా దూరం కనబడుతుందని బాపు అన్నాడు, మా ఇసుక రేవులో అది నిజమే.  అడిగి తెలుసుకోవడానికి మునీంజీ కూడా అప్పటికి తన సంచులతో వెళ్ళిపోయాడు.

నన్ను వెంట తీసుకెళ్ళింది ముద్దుకు కాదు. అవ్వకు తెలుగు తప్ప మరో మాట రాదు, బాపుకు బోర్డులు కనబడవు. నేను మరాఠీ బళ్ళో చదువుతున్నదాన్ని కాబట్టి ఇద్దరికీ నోరూ కళ్ళూ నేనే. ఆ గొప్ప నాకు ఎక్కువే ఉండేది. అవ్వ మూటలో అటుకులు, రొట్టెలు, మామిడి తొక్కు, బాపుకు ఉతికిన రెండు ధోవతులు పెట్టింది. గొర్రెలు కాసేవాళ్ళ ఇంటి నుంచి ఒక గొంగడి అడిగి తెచ్చింది. అది మునీంజీ మాట మీద గౌరవం కొద్దీ తెచ్చిందే కానీ చలిని నమ్మి కాదు. ఉల్లిగడ్డలు మాత్రం నమ్మకంగా కొంగున కట్టుకుంది. ఎర్ర బస్సులో చాందా, అక్కడి నుంచి నాగపూర్, అమరావతి, పరత్వాడా. ప్రతి స్టాండులో బాపు నన్ను బోర్డు గట్టిగా చదవమనేవాడు. చదివాక తల ఊపి, అవును, అదే ఉన్నది అనేవాడు.

కొండ ఎక్కే బస్సులో సగం దారిలో కిటికీలు తెల్లబడ్డాయి. మొదట అద్దానికి దుమ్మనుకుని అవ్వ కొంగుతో తుడిచింది. తుడిచినా పోలేదు. పైన దిగేసరికి మనుషులు, గుర్రాలు, చెట్లు అన్నీ ఆ తెలుపులోంచి ఒక్కసారిగా ఎదురుగా వచ్చి, మళ్ళీ అందులోకే పోతున్నాయి. సన్నటి జల్లు. అంత చలి నేను పుట్టి ఎరగను. గొంగడి ఒక్కటే, మేము ముగ్గురం. అవ్వ నన్ను లోపలికి లాక్కుని, మునీంజీ పుణ్యాత్ముడు అంది. లాడ్జి నడిపే ఆమె బాపు ధోవతి, మా చెప్పుల్లేని కాళ్ళు చూసి జాలిపడి, వానల్లో ఎవరూ రారని, ఎండాకాలం రావాల్సిందని మరాఠీలో అంది. నేను ఆ మాటను తెలుగులోకి మార్చలేదు. అర్థమైనట్టుంది, బాపు కూడా అడగలేదు.

మరునాడు తెల్లవారగానే పంచబోల్‌కు నడిచాం. దారి చివర ఒక ఇనుప కంచె, దాని పక్కన బోర్డు. నేను గట్టిగా చదివాను. బోర్డు వెనక ఏమీ లేదు. సున్నం కొట్టిన గోడ ముందు నిలబడ్డట్టు ఉంది, ఆ గోడ మెల్లగా కదులుతోంది. బాపు కంచె పట్టుకుని ముందుకు వంగి, నోటికి చేతులు అడ్డం పెట్టి గట్టిగా పిలిచాడు. వాన చప్పుడులో అది తిరిగి వచ్చిందో లేదో నాకు తెలియలేదు. వచ్చిందని బాపు అన్నాడు, ఎవరో మనిషి పలికాడని అవ్వ అంది. తర్వాత బాపు చాలాసేపు కదలకుండా నిలబడ్డాడు. కంచె కమ్మీని రెండు చేతులా పట్టుకున్నాడు.  ఆయన మొహం తిప్పకుండానే అడిగాడు.

"ఏమే, ఇది మబ్బా, నా కండ్లా?"

మబ్బే అని అవ్వ వెంటనే అంది. కానీ అవ్వ మాటను ఆయన ఎట్లా నమ్ముతాడు? చెంబు తన్నుకున్నప్పుడు ఏం కాలేదన్నది ఆమే, చాందా నుంచి వచ్చిన రోజున కూడా అంత నయమైతది అన్నది ఆమే. బాపు కమ్మీ వదిలి నా కోసం తడిమాడు. నా భుజం దొరికాక గట్టిగా పట్టుకున్నాడు, నొప్పి పుట్టేంతగా.

"నువ్వు చెప్పు బిడ్డా. నీకేమన్న కనవడుతున్నదా?"

"ఏం కనవడ్తలేదు బాపు. అంత తెల్లగనే ఉన్నది."

"నిజంగనేనా?"

"మన కాళ్లు సుత సరిగ కనవడ్తలేవు."

ఆయన ఊపిరి వదిలిన చప్పుడు ఆ జల్లులో కూడా నాకు వినబడింది. "అందరికి గిట్లనేనా? అయితె మంచిదే" అన్నాడు. నా భుజం వదిలేసి నవ్వాడు కూడా. అంత దూరం వచ్చింది చూడ్డానికి, చూడలేకపోయినందుకు మనిషి నవ్వడమేమిటని నాకు ఆశ్చర్యం వేసింది. పిల్లను కదా, పక్కవాళ్ళకు కూడా కనబడకపోవడం ఒక మనిషికి అంత ఊరట ఎందుకవుతుందో తెలియలేదు. ఆ రోజంతా మేము ఒక బోర్డు నుంచి ఇంకో బోర్డుకు నడిచాం. నేను చదివాను, ఆయన తల ఊపాడు, తెల్లటి గోడ ముందు ముగ్గురం కాసేపు నిలబడి ముందుకు సాగాం. కాఫీ తాగాం, చేదుగా ఉందని అవ్వ నా గ్లాసులోకి వంపేసింది. రబ్డీ మాత్రం బాగుంది.

అట్లా తడిసేసరికి నాకు జ్వరం వచ్చింది. మూడో రోజు పొద్దున తిరుగు బస్సు ఎక్కేముందు ఒక్కసారి పంచబోల్ చూసి వద్దామని బాపు పట్టుబట్టాడు. నన్ను లాడ్జి ఆమె దగ్గర పొయ్యి పక్కన పడుకోబెట్టి వాళ్ళిద్దరూ వెళ్ళారు. తిరిగి వచ్చినప్పుడు బాపు హుషారుగా ఉన్నాడు, ఇవాళ కూడా అదే మబ్బని లాడ్జి ఆమెకు వచ్చీరాని హిందీలో చెప్పాడు. ఆమె ఏదో అనబోయి అవ్వ మొహం చూసి ఆగింది. అవ్వ నా నుదురు మీద చెయ్యి పెట్టి చూసి, మూట కట్టడానికి వెళ్ళిపోయింది. బస్సు కొండ దిగుతున్నంతసేపూ గొంగడి మొహం మీదికి లాక్కుని కూర్చుంది. ఆమెకూ జ్వరం తగిలిందేమో అనుకున్నాను.

తిరుగు దారిలో అల్లపల్లి దాటాక వాగు పొంగి బస్సు ఆగిపోయింది. అప్పుడు వాగు పొంగిందంటే చేసేదేమీ లేదు, అది తగ్గేదాకా నీళ్ళ వంక చూస్తూ కూర్చోవడమే. నాగేపల్లిలో అవ్వకు వరసకు అక్కయ్యే ఆమె ఇంట్లో ఉండిపోయాం. ఆ ఇంట్లో తడిసిన కట్టెల పొగ, ఇప్పపువ్వు ఆరబోసిన చేటల వాసన ఇంకా నా ముక్కులో ఉన్నాయి. చిఖల్దరా నుంచి వచ్చిన మనుషులంటే చుట్టుపక్కల వాళ్ళంతా వచ్చి కూర్చున్నారు. ఏం చూశారని అడిగారు. మబ్బు తప్ప ఏం లేదని, వానకాలం అక్కడ ఎవరికీ ఏమీ కనబడదని, కండ్లున్నోడికీ లేనోడికీ అక్కడ ఒకటే లెక్క అని బాపు చెప్పి గట్టిగా నవ్వాడు. వాళ్ళూ నవ్వారు. తన కళ్ళ గురించి నలుగురిలో ఆయన అంత తేలిగ్గా మాట్లాడడం నేను అదే మొదట వినడం. అవ్వ పొయ్యి దగ్గర గొట్టంతో ఊదుతోంది. మంట బాగానే మండుతోంది, అయినా ఊదుతూనే ఉంది. ఆ సంగతి నాకెందుకు గుర్తుండిపోయిందో చాలా ఏళ్ళ దాకా తెలియలేదు.

ఇంకో రెండు మూడు ఆకు కాలాలు గడిచేసరికి బాపు చూపు మొత్తం పోయింది. కల్లం వేరేవాళ్ళకు వెళ్ళింది. మునీంజీ కూడా రావడం మానేశాడు. మా అరుగు మీద ఒక మూల బాపు కూర్చునే చోటు నున్నగా అరిగింది. అక్కడి నుంచే ఆయన చిఖల్దరాకు దారి చెప్పడం మొదలైంది. బళ్ళో మాస్టర్లు, అల్లపల్లి డిపోలో పనిచేసేవాళ్ళు, కొత్తగా పెళ్ళయినవాళ్ళు వచ్చి అడిగేవారు. పంచబోల్ పొద్దున, దేవి సాయంత్రం, కుండం దగ్గర చెప్పులు విప్పండి, గొంగడి మరవద్దు అని మునీంజీ మాటలే పొల్లు పోకుండా చెప్పేవాడు. చివరికి తన మాట ఒకటి కలిపేవాడు. "ఎండకాలంల పోండ్రి. వానకాలం పోతె ఎవ్వలకేం కనవడది. మేం పోయినం గద, ముగ్గురం పోయినం, ముగ్గురికి కనవడలె." ముగ్గురికి అన్నచోట ఆయన గొంతు ఎప్పుడూ ఒకేలా పలికేది, కొంచెం తృప్తిగా. లోకంలో చూడాల్సినవన్నీ ఒక్కొక్కటే చేజారిపోతున్న మనిషికి, ఇదొక్కటి మాత్రం తన ఒక్కడికే పోలేదన్న ధైర్యం ఉండేది. అవ్వ లోపల ఉంటే ఆ మాట వచ్చేసరికి ఏదో ఒక గిన్నె కడగడానికి పెరట్లోకి వెళ్ళేది.

బాపు పోయి చాలా ఏళ్ళయ్యాక, ఒక ఎండాకాలం మధ్యాహ్నం అవ్వా నేనూ వరండాలో చింతపండు కొట్టి గింజలు తీస్తున్నాం. కరెంటు లేదు. గోనెసంచులు వేలాడదీసే రోజులు పోయినా, అవ్వ పాత చీర ఒకటి తడిపి తలుపుకు కట్టింది. చేతులకు జిగట, పుల్లటి వాసన. నేను మాటల్లో, అంత దూరం పోయి మనం ఏమీ చూడలేకపోయాం పాపం అన్నాను. అవ్వ రోకలి బండ ఆపింది. ఆ మూడో రోజు పొద్దున వాళ్ళు కంచె దగ్గర నిలబడి ఉండగా మబ్బు విడిచిందని చెప్పింది. విడిచి, బీడీ కాల్చేంతసేపు అట్లాగే ఉండి, మళ్ళీ మూసుకుందట. నేను ఆమె వైపే చూస్తున్నాను. ఆమె నా వైపు చూడలేదు.

"కాళ్ల ముందట్నే భూమి తెగిపోయింది బిడ్డా. కిందికి అంత పచ్చగ. అవుతల గుట్ట గోడ తీర్గ నిలవడ్డది, దాని మీదికెల్లి నీళ్లు పడుతున్నయి, సప్పుడు మనదాక రాదు. అడుగున ఒకాయిన రెండు ఎడ్లను తోలుకపోతున్నడు, చీమలంత ఉన్నరు.  గప్పుడే మీ బాపు అడిగిండు, ఏమే, ఏమన్న కనవడుతున్నదా అని. ఆయిన మొఖం అటే ఉన్నది. కండ్లు తెరిచే ఉన్నయి."

నువ్వేమన్నావని నేను అడగలేదు. అడగాల్సిన పని లేదు. చేతి జిగట కొంగుకు తుడుచుకుని ఆమే అంది.

"లేదు, మబ్బే అన్న. ఏం జెయ్యాలె? ఉన్నది అంటె ఆయిన ఒక్కడే గుడ్డోడు అయితుండె. అయితె మంచిదే అన్నడు. ఇగ గా లోయను ఇన్నేండ్లు నేను ఒక్కదాన్నే చూసుకుంట కూసున్న."

అప్పుడు నాకు ఏడుపు వచ్చింది, అవ్వకు రాలేదు. ఆమె మళ్ళీ గింజలు కొట్టడం మొదలుపెట్టింది. ఎవరికీ చెప్పొద్దని కూడా అనలేదు. తానే ఎవరికీ చెప్పుకోలేక మోసిన ఆ పచ్చటి లోయ, ఎడ్లు తోలుకుపోయే చీమంత మనిషి, చప్పుడు లేని నీళ్ళు, అన్నీ ఆ మధ్యాహ్నం నా చేతిలో పెట్టి ఆమె తేలికపడింది. ఇప్పుడు నాకు చిఖల్దరా అంటే అవ్వ చెప్పిన ఆ నాలుగు మాటలే. నేను నా కళ్ళతో చూసింది బోర్డులు మాత్రమే.

ఇప్పుడు రోజులు మారాయి. ప్రాణహిత మీద వంతెన పడింది, అవతలి ఒడ్డుకు పడవ కోసం ఎదురు చూసే పని లేదు. మా పిల్లలు ఒక పూటలో మంచిర్యాల వెళ్ళి వస్తున్నారు. బాపు కూర్చున్న అరుగు కొట్టేసి అక్కడ మోటారు సైకిళ్ళు పెడుతున్నారు. అల్లపల్లి దారిలో వాగులు మాత్రం గట్టి వానకు ఇప్పటికీ మమ్మల్ని ఆపుతాయి, వాటికి ఇంకా ఎవరూ ఏమీ చెప్పలేకపోయారు. అన్నిటికంటే నాకు అర్థం కానిది, చిఖల్దరాకు ఇప్పుడు వానాకాలమే వెళ్తున్నారట. శ్రావణితో బాపు మాట చెప్పాను, ఎండాకాలం పో బిడ్డా, ఇప్పుడు పోతే మబ్బు తప్ప ఏం ఉండదు అన్నాను. అది నవ్వింది. మబ్బు కోసమే పోతున్నామంది. మబ్బులో నిలబడి ఫోటోలు దిగుతారట, అదే అక్కడ చూడాల్సిందట. మమ్మల్ని అంత ఏడిపించినదాన్ని వెతుక్కుంటూ జనం కార్లు వేసుకుని వెళ్తున్నారంటే నేనేం అనగలను? పంచబోల్ పొద్దున, దేవి సాయంత్రం, కుండం దగ్గర జారుతుంది అని మాత్రం చెప్పాను. గొంగడి అంటే మళ్ళీ నవ్వుతుందని స్వెట్టరు అన్నాను.

అక్షరాలు పెద్దవిగా రాస్తున్నానన్నాను కదా. బాపుకు వచ్చినదే నాకూ వచ్చింది. ఈ కాలంలో చుక్కల మందు ఉంది, పోయేది కాస్త ఆలస్యంగా పోతుంది, అంతే. పక్కన పెట్టిన గ్లాసును నేనూ తన్నుతున్నాను. ఫోన్ చూస్తే మధ్యలో కొంచెం కనబడుతుంది, చుట్టూ పాలు పోసినట్టు ఉంటుంది, ఒక్కో రోజు ఆ పాలు మధ్యకు కూడా వస్తాయి. భయం వేస్తుంది. వయసులో ఉన్న బాపు అంత భయాన్ని ఆ కంచె దగ్గర ఎట్లా నిలబడి మోశాడో ఇప్పుడు తెలుస్తోంది. నా కళ్ళ సంగతి ఇంట్లో అందరికీ సగం సగం చెప్పాను. శ్రావణికి పూర్తిగా తెలుసు, సెలవుల్లో వచ్చినప్పుడు నా కళ్ళలో చుక్కలు వేసేది అదే. అమ్మమ్మా, పైకి చూడు అంటుంది. చూస్తాను. దాని మొహం దగ్గరగా ఉంటే బాగానే కనబడుతుంది.

నిన్న పొద్దున అది అక్కడి నుంచి వీడియో ఫోన్ చేసింది. పంచబోల్ దగ్గర ఉన్నాను, చూడు అమ్మమ్మా అని ఫోన్‌ను అటు తిప్పింది. నాకు తెరంతా తెల్లగా ఉంది. దగ్గరకు పెట్టుకున్నాను, దూరం పెట్టుకున్నాను, కిటికీకి వీపు చేసి కూర్చున్నాను. తెలుపే. వెనక గాలి చప్పుడు, ఎవరో పిల్లలు సంతోషంగా అరవడం వినబడుతోంది. మబ్బును చూసి అరుస్తున్నారో, మరి దేన్ని చూసో. ఫోన్‌ను రెండు చేతులా పట్టుకున్నాను.

"బిడ్డా, నాకు అంత తెల్లగ ఉన్నది. నీకేమన్న కనవడుతున్నదా?"

అది వెంటనే మాట్లాడలేదు. గాలికి వినబడలేదేమో, లేక అటే చూస్తోందేమో.

"లేదమ్మమ్మా. అంత మబ్బే. ఈడ ఎవ్వలకేం కనవడ్తలేదు."

అది నిజమే చెప్పిందో, మా అవ్వ చెప్పినట్టు చెప్పిందో నాకు తెలియదు. అడిగి తెలుసుకునే ధైర్యం నాకు లేదు. పిల్లలు ఇంకా అరుస్తూనే ఉన్నారు.

"అయితె మంచిదే బిడ్డా" అన్నాను. "జర పైలం, ఆడ జారుతది."